స్ట్రాస్‌బర్గ్‌కి ఎప్పుడు వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి? మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు ఫ్రాన్స్‌లో పారిస్ కాకుండా ఇంకే ఊరు చూడాలి అని అడిగితే, స్ట్రాస్‌బర్గ్ అని ఒక్క మాటలో రాసి వదిలేశాను. ఆ ఒక్క మాట మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆ ఊళ్లో నేను నాలుగేళ్లు ఉన్నాను, నాకు చాలా ఇష్టమైన ఊరు, అందుకే ఈ నెల మొత్తం దాని గురించే రాస్తున్నాను. తూర్పు ఫ్రాన్స్‌లో, ఆల్సాస్ అనే ప్రాంతంలో, సరిగ్గా జర్మనీ సరిహద్దు మీద ఉంటుంది. ఒకే రకం ప్రశ్నలన్నీ కలిపి జవాబు ఇస్తున్నాను.

మా అబ్బాయి స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబర్‌లో రండి, స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్ చూపిస్తాను అంటున్నాడు. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి చలి పడదు. మే నెలలో వెళ్తే ఏమన్నా పోగొట్టుకుంటామా? (తెనాలి పాఠకురాలు)

ఏమీ పోగొట్టుకోరమ్మా, నిశ్చింతగా మేలోనే వెళ్లండి. మీ అబ్బాయి ప్రేమగా పిలుస్తున్నాడు, ఆ మార్కెట్ గొప్పదే, కాదనను. 1570 నుంచి జరుగుతోంది, అక్కడి వాళ్లు తమ ఊరిని క్రిస్మస్ రాజధాని అని పిలుచుకుంటారు, క్లెబెర్ చౌక్‌లో పది అంతస్తుల ఎత్తు చెట్టు తెచ్చి నిలబెట్టి దీపాలు పెడతారు, వీధి వీధికీ చెక్క కొట్లు, దాల్చినచెక్క వాసన. కానీ ఆ నెల రోజుల్లో 20 లక్షలకు పైగా జనం వస్తారు. శని, ఆదివారాలు సాయంత్రం పాత ఊళ్లోని పెద్ద చర్చి చుట్టుపక్కల సందుల్లో మన పుష్కరాల రేవు దగ్గర ఎలా ఉంటుందో అలా ఉంటుంది, మనం నడవక్కర్లేదు, జనమే తోసుకుపోతారు. పాత ఊళ్లోకి వచ్చే వంతెనల దగ్గర సంచులు తనిఖీ చేస్తారు, రద్దీ వేళల్లో నడిబొడ్డు స్టాపుల్లో ట్రామ్ ఆపరు, అంటే ఇంకాస్త నడక. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, చలి సున్నా దగ్గర ఉంటుంది, పైగా కాళ్ల కింద రాళ్లు పరిచిన తడి బాట. మోకాళ్ల నొప్పితో అది కష్టం. హోటల్ గదులు కూడా ఆ రోజుల్లో ఏడాది మొత్తం మీద అతి ఖరీదు. ఒకవేళ అబ్బాయి పట్టుబడితే మాత్రం డిసెంబర్ మొదటి వారంలో, మంగళవారమో బుధవారమో, కొట్లు తెరిచే వేళకి వెళ్లి మధ్యాహ్నం మూడింటికల్లా బయటపడండి.

మేలో అయితే రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది. ఒక స్వెటర్, ఒక గొడుగు చాలు. పాత ఊరు మొత్తం ఇల్ అనే నది రెండు పాయల మధ్య ఉన్న ద్వీపం, ఎత్తుపల్లాలు లేవు, ఎటు నడిచినా అరగంటలో నీళ్ల దగ్గరికి చేరతారు. నడవలేని రోజు రోఆన్ ప్యాలెస్ పక్కన పడవ ఎక్కండి, గంటా పది నిమిషాలు కూర్చుని పాత పేటలు మొదలుకొని యూరప్ పార్లమెంట్ దాకా చూడొచ్చు. ఓ పూట ఓరాంజరీ పార్కుకి వెళ్లండి. అక్కడ చెట్ల మీద పెద్ద తెల్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి, రెక్కల చివర నలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు, అరవవు, ముక్కుతో టకటకమని చప్పుడు చేస్తాయి. మీ తెనాలికి దగ్గర ఉప్పలపాడు చెరువులో రంగుల కొంగల్ని చూసే ఉంటారు కదా, వాటికి ఇవి చుట్టాలే. 1970ల్లో ఆల్సాస్ మొత్తం మీద ఈ కొంగలు పది జంటలు కూడా మిగల్లేదు. వాటిని ప్రత్యేకంగా పెంచి, గూళ్లకు చోటు చూపించి, మళ్లీ వందల జంటలు చేశారు. ఆగస్టు వస్తే చాలావరకు దక్షిణానికి ఎగిరిపోతాయి, కాబట్టి వీటిని చూడాలంటే వసంతకాలమే సరైన సమయం.

మిగతా నెలల గురించి అడిగినవాళ్లకి కూడా ఇక్కడే చెప్తాను. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో రిపబ్లిక్ చౌక్‌లో మాగ్నోలియా చెట్లు ఆకు లేకుండా ఒట్టి గులాబీ పూలతో నిండిపోతాయి, మన సంపెంగ కుటుంబమే అది, రెండు వారాలే ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, చాలా ఇళ్లల్లో ఏసీ ఉండదు, సాయంత్రం ఉన్నట్టుండి ఉరుములతో వాన. సెప్టెంబర్, అక్టోబర్ ద్రాక్షకోతల కాలం, ఊరి బయట కొండవాలు పల్లెలు తిరగడానికి అంతకంటే మంచి సమయం లేదు, నన్ను ఒక్క నెల ఎంచుకోమంటే సెప్టెంబరే అంటాను. జనవరి, ఫిబ్రవరి ముసురు, మబ్బు. గదులు చవగ్గా దొరుకుతాయి, అంతే. ఇంకో సంగతి, ఫ్రాన్స్‌లో మిగతా చోట్ల లేని రెండు సెలవులు ఆల్సాస్‌లో ఉన్నాయి: గుడ్ ఫ్రైడే, డిసెంబర్ 26. ఆ రోజుల్లో చూడాల్సినవి చాలావరకు మూసేసి ఉంటాయి.

వీసా ఏ దేశానికి పెట్టాలి? ఉండేది జర్మనీలో, స్ట్రాస్‌బర్గ్ మాత్రం ఫ్రాన్స్‌లో. (చాలామంది అడిగారు)

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. అబ్బాయి దగ్గర ఇరవై రోజులు ఉండి రెండు రోజులు ఇటు వచ్చేవాళ్లు జర్మనీకి పెట్టండి. అది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒక్కటే వీసా, దాంతోనే ఫ్రాన్స్ రావచ్చు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ పెట్టుకోవచ్చు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఒక్కరోజు కోసం సరిహద్దు దాటినా పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, రైల్లో పోలీసులు అడుగుతుంటారు.

ఆరు రోజుల పారిస్ ట్రిప్. ఏజెంట్ స్ట్రాస్‌బర్గ్‌ని 'హాఫ్ డే' అని కలిపాడు, పిల్లలు తొమ్మిదేళ్లు, పదమూడేళ్లు. సగం రోజు సరిపోతుందా? (హైదరాబాద్ పాఠకుడు)

సరిపోదండీ. పారిస్ ఈస్ట్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటా ముప్పావు, అంటే రానూపోనూ మూడున్నర గంటలు రైల్లోనే గడుస్తాయి. ఇంత దూరం వచ్చి చర్చి ముందు ఫోటో దిగి వెళ్లిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఒక్క రాత్రి ఉండండి చాలు, పారిస్‌లో ఒక రోజు తగ్గించుకున్నా నష్టం లేదు.

పిల్లలకైతే ముందు గడియారం చూపించండి. ఊళ్లోని పెద్ద చర్చి పేరు కూడా నోత్రదామ్ కథీడ్రలే, పారిస్‌లోది వేరు. దాని లోపల 18 మీటర్ల ఎత్తు గడియారం ఉంది. గడియారం చెక్కడపు గూడు 1570ల నాటిది, లోపలి యంత్రం మాత్రం ష్విల్గే అనే ఆయన 1838 నుంచి 1842 దాకా కూర్చుని చేసింది. అది గంటలు చూపించి ఊరుకునే యంత్రం కాదు. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఎక్కడున్నాయో చూపిస్తుంది, లీపు సంవత్సరం తనే చూసుకుంటుంది, ఏటా తేదీ మారే ఈస్టర్ పండగ ఆ ఏడు ఎప్పుడు పడుతుందో డిసెంబర్ 31 అర్ధరాత్రి పళ్లచక్రాలు తిరిగి లెక్క కట్టేస్తాయి. మన పంచాంగకర్తలు కూర్చుని వేసే లెక్క లాంటిదాన్ని కరెంటు లేని కాలంలో ఇనుముతో, ఇత్తడితో చేయించాడు ఆ మనిషి. మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు ఆయన చర్చి మొత్తం వదిలేసి దాని ముందే గంటసేపు నిలబడ్డారు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పైఅంతస్తులో పన్నెండుమంది అపోస్తలుల బొమ్మలు ఒక్కొక్కరే క్రీస్తు ముందు నుంచి నడిచి వెళ్తాయి, పైనున్న కోడి మూడుసార్లు రెక్కలు కొట్టి కూస్తుంది. పన్నెండింటికి కాకుండా పన్నెండున్నరకి ఎందుకు అని మీ పెద్దబ్బాయిని అడిగి చూడండి. గడియారం నడిచేది ఆ ఊరి సొంత సూర్యుడి టైమ్‌తో, దేశం మొత్తానికి పెట్టిన టైమ్ కంటే అది దాదాపు అరగంట వెనక. బెజవాడ మధ్యాహ్నానికీ మన రైల్వే టైమ్‌కీ కాస్త తేడా ఉంటుంది చూడండి, అదే లెక్క. ఈ ప్రదర్శనకి టికెట్ ఉంటుంది, ఆదివారాలూ పండగలూ ప్రార్థనలు ఉంటాయి, కాబట్టి ముందురోజు వేళలు కనుక్కుని మామూలు రోజున వెళ్లండి. మొట్టమొదటి గడియారం మీద కూసిన కోడి, 1350ల నాటిది, పక్కనే రోఆన్ ప్యాలెస్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

తర్వాత బయటికొచ్చి తలెత్తి చూడండి. వోజ్ కొండల గులాబీ రాయితో కట్టిన ఈ చర్చి శిఖరం 142 మీటర్లు, 1439లో పూర్తయింది, 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో ఇంతకంటే ఎత్తైన కట్టడం లేదు. రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంటుంది, రెండోది కట్టనే లేదు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో మనుషులంతా సమానం అన్నాక ఈ శిఖరం ఒక్కటే అందరి ఇళ్లకంటే ఎత్తుగా ఎందుకుండాలి, కూల్చేద్దాం అన్నారు కొందరు. వందల విగ్రహాలు అప్పటికే పగలగొట్టారు. అప్పుడు ఊళ్లో తాళాలు చేసే ఒక కమ్మరి, దీనికి విప్లవం టోపీ పెడదాం, రైన్ నది అవతల ఉన్న శత్రువులకి కూడా కనిపిస్తుంది అని చెప్పి రేకుతో పెద్ద టోపీ చేయించి, ఎర్ర రంగు వేయించి, 1794లో శిఖరం మీద పెట్టించాడు. ఆ టోపీ వల్ల శిఖరం బతికింది. పదమూడేళ్ల పిల్లాడికి ఈ కథ చెప్పి 330 పైచిలుకు మెట్లు ఎక్కించండి, లిఫ్ట్ లేదు, 66 మీటర్ల ఎత్తున చదునైన మేడ ఉంటుంది, గాలి బాగుంటే అటు జర్మనీ కొండలు, ఇటు వోజ్ కొండలు రెండూ కనిపిస్తాయి.

సాయంత్రం పెతీత్ ఫ్రాన్స్ అనే పేటకి నడవండి, 'చిన్న ఫ్రాన్స్' అని అర్థం. నల్ల దూలాలు పైకి కనిపించే తెల్లగోడల ఇళ్లు నీళ్లలో నీడ పడుతుంటాయి, ఫోటోల్లో మీరు చూసేవి ఇవే. ఒకప్పుడు ఇది తోళ్లు పదును చేసేవాళ్ల పేట, అందుకే ఇళ్ల పైకప్పుల్లో గాలి ఆడేలా తెరిచిన వరసలుంటాయి, తోళ్లు ఆరేసుకోవడానికి. ఇక్కడో ఆసుపత్రి ఉండేది, సవాయి రోగం (సిఫిలిస్) వచ్చిన సైనికుల కోసం, దాన్ని అప్పట్లో ఫ్రెంచి రోగం అనేవాళ్లు, ఆ పేరే పేటకి ఉండిపోయింది. చివర్లో వోబాన్ ఆనకట్ట ఉంది, 17వ శతాబ్దపుది, శత్రువు వస్తే నీళ్లు ఆపి ఊరి దక్షిణం వైపు ముంచేయడానికి కట్టారు. దాని మేడ మీదికి ఉచితంగా ఎక్కొచ్చు. సూర్యుడు దిగే వేళకి అక్కడ ఉండండి, ఒక్క రాత్రి ఎందుకు ఉండమన్నానో మీకే తెలుస్తుంది.

మేమిద్దరం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇబ్బంది పడతామా? (రాజమండ్రి దంపతులు)

అడగడం తెలిస్తే పడరు. ఆల్సాస్ వంటల్లో పంది మాంసం ఎక్కువ, ముక్కలు చిన్నవిగా తరిగి కంటికి ఆననట్టు వేస్తారు, అదే జాగ్రత్త పడాల్సింది. అక్కడి ముఖ్యమైన వంట ఫ్లామ్‌క్యూష్, పల్చని రొట్టె మీద మీగడ లాంటి తెల్ల జున్ను, ఉల్లిపాయ వేసి మంట పొయ్యిలో కాలుస్తారు. మామూలుగా 'లార్దాన్' అనే పంది మాంసం ముక్కలు వేస్తారు, 'సాన్ లార్దాన్' అనండి, లేకుండా చేస్తారు, పుట్టగొడుగులతో కూడా చేస్తారు. పిండిలో సాధారణంగా గుడ్డు ఉండదు, అయినా ఒకమాట అడగండి. ష్పెట్స్లే అనే పిండివంటలో, కుగెల్‌హాఫ్ అనే కిస్‌మిస్ కేకులో, క్రిస్మస్ బిస్కెట్లలో గుడ్డు ఉంటుంది, అవి మీకు కుదరవు. రాళ్ల ఉప్పు చల్లిన బ్రెట్సెల్ అనే రొట్టె, వేయించిన చెస్ట్‌నట్లు హాయిగా తినొచ్చు. భోజనం వేళలు కచ్చితం, మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లు వంటిల్లు మూసేస్తాయి. ఆదివారం దుకాణాలు ఉండవు, శనివారమే పెరుగు, రొట్టె, పళ్లు కొని పెట్టుకోండి. తాగడానికి 'కరాఫ్ దో' అంటే కూజా నీళ్లు డబ్బు లేకుండా ఇస్తారు, సీసా కొనక్కర్లేదు.

మాది యానాం. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివారు, చివరిదాకా ఫ్రాన్స్ జాతీయగీతం లా మార్సెయేజ్ పాడేవారు. అది పుట్టింది మార్సేలో కదా, మరి స్ట్రాస్‌బర్గ్‌లోనే రాశారని చదివాను, ఏది నిజం? (యానాం పాఠకుడు)

స్ట్రాస్‌బర్గే నిజం. 1792 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది, ఆ కబురు 25న ఈ ఊరికి చేరింది. మేయర్ దీత్రిష్ మన సైన్యానికి ఒక పాట కావాలి అంటే, ఇక్కడి దండులో కెప్టెన్‌గా ఉన్న రూజే ద లీల్ ఆ ఒక్క రాత్రిలో రాసి తెచ్చాడు. అప్పటి పేరు 'రైన్ సైన్యానికి యుద్ధగీతం'. ఆ జులైలో మార్సే నుంచి వచ్చిన వాలంటీర్లు దీన్ని పాడుకుంటూ పారిస్‌లోకి నడిచారు, జనం మార్సే వాళ్ల పాట అన్నారు, ఆ పేరే స్థిరపడింది. రాయించిన దీత్రిష్‌ని మరుసటి ఏడాది డిసెంబర్‌లో అదే విప్లవం గిలటిన్ మీద చంపేసింది. బ్రోగ్లీ చౌక్‌లో బ్యాంక్ గోడ మీద దీని గురించి పలక ఉంటుంది. మీ తాతగారి పాట అక్కడ మొదలైంది. 1954 దాకా మీ గోదావరి ఒడ్డున దాన్ని పిల్లలు పాడారంటే, ఆ పలక ముందు నిలబడే హక్కు మీకు అందరికంటే ఎక్కువ ఉందనిపిస్తుంది నాకు. వెళ్తే నాకూ ఒక ఉత్తరం రాయండి.

నేను రిటైరైన సోషల్ టీచర్ని. ఇళ్లు, పేర్లు, తిండి అన్నీ జర్మన్‌లా ఉన్నాయి, దేశం ఫ్రాన్స్. అసలు ఆ ఊరు ఎవరిది? (హనుమకొండ పాఠకుడు)

మాస్టారూ, అక్కడ నాలుగేళ్లు ఉన్నా దీనికి ఒక్క ముక్కలో జవాబు నాకు దొరకలేదు. వందల ఏళ్లు అది జర్మన్ సామ్రాజ్యం లోపల తన పాలన తను చేసుకున్న స్వేచ్ఛా నగరం. 1681లో పద్నాలుగో లూయీ తీసుకున్నాడు. 1870 యుద్ధంలో జర్మన్ ఫిరంగులు ఊరి మీద పడ్డాయి, ఆగస్టు 24 రాత్రి గ్రంథాలయం కాలిపోయింది, మళ్లీ ఎక్కడా దొరకని చేతిరాత పుస్తకాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. 1871లో జర్మనీకి, 1918లో ఫ్రాన్స్‌కి, 1940లో నాజీలకి, 1944 నవంబర్ 23న మళ్లీ ఫ్రాన్స్‌కి. అంటే 1868లో పుట్టిన మనిషి ఊరు కదలకుండా ఎనభై ఏళ్లలోపు నాలుగుసార్లు దేశం మారాడు. మారిన ప్రతిసారీ వీధుల పేర్లు మారాయి, బడి భాష మారింది. నాజీల కాలంలో ఫ్రెంచి మాట్లాడటం నేరం, ఆ తర్వాత ఇంటి భాష అయిన ఆల్సేషియన్ మాట్లాడితే బళ్లో పిల్లల్ని తిట్టేవాళ్లు. మా ఇంటి ఓనరమ్మ వాళ్ల అమ్మతో ఒక భాష, పిల్లలతో ఒక భాష మాట్లాడేవారు, వాళ్ల అమ్మ భాష పిల్లలకి రాదు. ఇప్పుడు పాత ఊళ్లో వీధి పలకల మీద రెండు భాషలూ ఉంటాయి.

మీరు వెళ్తే రిపబ్లిక్ చౌక్‌లో యుద్ధ స్మారకం దగ్గర కాసేపు ఆగండి. 1936లో పెట్టారు. ఫ్రాన్స్‌లో ప్రతి ఊళ్లోనూ ఇలాంటివి ఉంటాయి, తుపాకీ పట్టిన సైనికుడు, కింద దేశం కోసం అనే మాట. ఇక్కడ సైనికుడు లేడు. ఒక తల్లి, ఒళ్లో చనిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు జర్మనీ వైపు, ఒకడు ఫ్రాన్స్ వైపు పోరాడినవాళ్లు. ఏ సైన్యమో తెలియకుండా ఒంటి మీద యూనిఫామ్ లేకుండా చెక్కాడు శిల్పి ద్రివియే, ఇద్దరూ చేతులు పట్టుకుని ఉంటారు. కింద 'మా మృతులకు' అని మాత్రమే ఉంటుంది, ఏ దేశం కోసమో రాయలేకపోయారు. అది పెట్టిన ఆరేళ్లకి, 1942లో, నాజీలు ఆల్సాస్, పక్కనున్న మోజెల్ ప్రాంతాల యువకుల్ని బలవంతంగా తమ సైన్యంలోకి లాక్కెళ్లారు, లక్షకు పైగా. చాలామంది రష్యా నుంచి తిరిగిరాలేదు. వాళ్లని అక్కడ 'మా ఇష్టం లేకుండా పోయినవాళ్లం' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

చుట్టూ ఉన్న పెద్ద పెద్ద రాతి భవనాలు 1871 తర్వాత జర్మన్లు కట్టిన కొత్తపేట. పాత ద్వీపాన్ని యునెస్కో 1988లోనే ప్రపంచ వారసత్వంలో చేర్చింది, ఈ పేటని 2017లో కలిపారు. ఇన్నాళ్లు పట్టడానికి కారణం మీకు చెప్పక్కర్లేదు. కాలిపోయిన గ్రంథాలయానికి బదులు కట్టిన కొత్త గ్రంథాలయం కూడా ఈ చౌక్‌లోనే ఉంది, లోపలికి వెళ్లి చూడండి.

సెప్టెంబర్‌లో ఎంఎస్‌కి స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీకి వెళ్తున్నాను. బట్టలు ఇక్కడే కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది. (గుంటూరు విద్యార్థి)

టెన్షన్ పడకు తమ్ముడూ. పెద్ద జాకెట్ ఇక్కడ కొనకు, మన దగ్గర దొరికేవి అక్కడి తడి చలికి ఆగవు, అక్టోబర్‌లో అక్కడే కొనుక్కో. ఇక్కడి నుంచి లోపల వేసుకునే థర్మల్స్, ప్రెషర్ కుక్కర్, పచ్చళ్లు తీసుకెళ్లు చాలు. చేరిన వారంలోనే ఒక పాత సైకిల్, రెండు గట్టి తాళాలు కొను, ఊరంతా సైకిల్ దారులే, దొంగతనాలు కూడా ఎక్కువే. 2017 నుంచి డి లైన్ ట్రామ్ రైన్ నది దాటి జర్మనీలోని కెల్ ఊరి దాకా వెళ్తుంది, చవగ్గా సరుకులు తెచ్చుకోవడానికి స్టూడెంట్లంతా అక్కడికే పోతారు. నీ రెసిడెన్స్ కాగితం, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకో. జర్మనీలో గుడ్ ఫ్రైడేకి అక్కడా దుకాణాలు మూస్తారు, గుర్తుంచుకో. తిరిగి వచ్చేటప్పుడు వాతావరణం బాగుంటే ట్రామ్ ఎక్కకుండా నడక వంతెన మీదుగా రా. వంతెన మధ్యలో నది మీద ఆగి కూర్చునే చోటు ఉంది, సరుకుల సంచి పక్కన పెట్టుకుని కాసేపు కూర్చుని, అప్పుడు ఇంటికి ఫోన్ చెయ్యి.